అల్జీమర్స్ గురించి ఇంగ్లిష్‌లో వినడం, క్లాసులో చర్చించడం ఎలా?

ఇంగ్లిష్ లిజనింగ్ సాధన అనగానే చాలా క్లాసుల్లో హోటల్ బుకింగ్, ఎయిర్‌పోర్ట్, ఉద్యోగ ఇంటర్వ్యూ ఆడియోలే పెడతారు. తప్పేం లేదు గానీ, వాటిలో ఒక మాట జారిపోయినా పెద్దగా పోయేదేమీ ఉండదు. అందుకే చెవి కూడా అంత శ్రద్ధ పెట్టదు. అల్జీమర్స్ గురించిన ఆడియో అలా కాదు. "ఈ మందు జబ్బు వేగాన్ని కొంత తగ్గించవచ్చు" అని అవతలివాళ్లు చెబితే, మధ్యలో ఒక చిన్న మాట వినపడక "ఈ మందుతో జబ్బు తగ్గుతుందట" అని మనం రాసుకుంటాం. ఆ ముక్క చర్చలోకి వస్తుంది, అక్కడి నుంచి ఎవరో ఇంటికి మోసుకెళ్తారు.

కాబట్టి ఈ పద్ధతిలో పెద్ద పెద్ద వైద్య పదాల మీద కంటే మే, మైట్, స్లో, మోస్ట్, నాట్ లాంటి పొట్టి మాటల మీదే ఎక్కువసేపు ఆగుతాం. మీరు టీచరైనా, నలుగురు కలిసి సొంతంగా సాధన చేసుకునేవాళ్లైనా ఇది పనికొస్తుంది. రెండు క్లాసులు, మధ్యలో కాస్త హోంవర్క్ సరిపోతాయి.

1. ముందు విషయాన్ని తెలుగులో తెలుసుకోండి

ఇంగ్లిష్ క్లాసులో తెలుగు మాట వినపడకూడదనే నియమం కొందరికి ఉంటుంది. ఈ పాఠానికి దాన్ని పక్కన పెట్టమంటాను. విషయం బొత్తిగా తెలియకుండా వింటే మీరు చేసేది లిజనింగ్ కాదు, ఊహించడం. పావుగంట తెలుగులో మాట్లాడుకుంటే తర్వాత గంటసేపు చెవి సరిగ్గా పనిచేస్తుంది. ఈ కింది మాత్రం తెలిస్తే చాలు.

డిమెన్షియా ఒక జబ్బు పేరు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా దెబ్బతిన్న స్థితికి ఆ పేరు. ఆ స్థితిని తెచ్చిపెట్టే జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. ఏటా దాదాపు కోటి మంది కొత్తగా చేరుతున్నారు. మొత్తం కేసుల్లో 60 నుంచి 70 శాతం దాకా అల్జీమర్స్ వాటా ఉండొచ్చని ఆ సంస్థ చెబుతుంది. ఇంగ్లిష్ ఆడియోలో ఈ అంకెలన్నీ మిలియన్లలో వస్తాయి. 10 మిలియన్లు ఒక కోటి. మనసులో ఈ మార్పిడి చేసుకునేలోపు తర్వాతి రెండు వాక్యాలు దాటిపోతాయి కాబట్టి, వినేముందే అంకెల్ని మిలియన్లలో రాసి బోర్డు మీద పెట్టుకోండి.

మెదడులో జరిగేది క్లుప్తంగా ఇది. బీటా అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముక్కలు నాడీకణాల బయట పేరుకుని గడ్డకడతాయి. వాటిని ప్లాక్‌లు అంటారు. కణాల లోపల టావ్ అనే మరో ప్రోటీన్ మెలికలు పడి చిక్కుకుంటుంది. వీటిని టాంగిల్స్ అంటారు. కణాల మధ్య సమాచారం ఆగిపోయి, చివరికి ఆ కణాలు చనిపోతాయి. హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల భాగాలు మొదట్లోనే దెబ్బతింటాయి. కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి ఆ భాగం కావాలి. అందుకే పొద్దున జరిగింది గుర్తుండదు గానీ చిన్నప్పటి సంగతులు చాలాకాలం నిలుస్తాయి. బయటికి లక్షణాలు కనిపించడానికి పదేళ్లో, అంతకంటే ముందో ఈ మార్పులు మొదలై ఉంటాయి.

మందుల సంగతి. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్, మెమాంటిన్ అనే పాత మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి, అంతే. లెకానెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అమెరికాలో ఆమోదం దొరికింది. ఇవి మెదడులోని అమిలాయిడ్‌ను తొలగిస్తాయి, తొలిదశలో ఉన్నవాళ్లకు మాత్రమే ఇస్తారు, మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు జరిగే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యమధ్య ఎంఆర్ఐ తీస్తూ కనిపెట్టి ఉంటారు. జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికి లేదు.

2. ఆడియోను జాగ్రత్తగా ఎంచుకోండి

మూడు నుంచి ఐదు నిమిషాల నిడివి చాలు. రాతప్రతి, అంటే ట్రాన్‌స్క్రిప్ట్, ఉండి తీరాలి. ఆటోమేటిక్ క్యాప్షన్లను నమ్ముకోవద్దు. మందుల పేర్లు, ప్రోటీన్ల పేర్లు వచ్చినచోట అవి నోటికొచ్చింది రాస్తుంటాయి.

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్, అల్జీమర్స్ అసోసియేషన్, బ్రిటన్‌లోని అల్జీమర్స్ సొసైటీ సాధారణ ప్రజల కోసం సరళమైన ఇంగ్లిష్‌లో వీడియోలు పెడతాయి. మీ గుంపు ఇంకా మొదటి మెట్ల మీద ఉంటే బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ల పొట్టి కార్యక్రమాల్లో జ్ఞాపకశక్తి, మెదడు, వృద్ధాప్యం మీద వచ్చినవి వెతకండి. ఇద్దరు మాట్లాడుకుంటూ కష్టమైన మాటలకు మధ్యలోనే అర్థం చెబుతారు.

తేదీ చూడటం మర్చిపోవద్దు. 2022లో చేసిన వీడియో "జబ్బు గమనాన్ని మార్చే మందు ఏదీ అందుబాటులో లేదు" అంటే అప్పటికి అది దాదాపు నిజమే. ఇప్పుడు అదే వాక్యాన్ని చర్చలోకి తెస్తే పాతబడిన మాట.

శీర్షికలోనే క్యూర్, రివర్స్, మిరకిల్ అని ఉండి చివర్లో ఏదో పొడి అమ్మే వీడియోలు ఎలాగూ వద్దు. వాటితోపాటు, కన్నీళ్లు తెప్పించే వీడియోలను కూడా మొదటి క్లాసులో పెట్టొద్దంటాను. తల్లి కొడుకుని గుర్తుపట్టని దృశ్యం చూశాక క్లాసంతా కదిలిపోతుంది, ఎవరికీ ఒక్క ఇంగ్లిష్ వాక్యం గుర్తుండదు. అలాంటివి రెండో క్లాసు తర్వాత ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు.

3. చెవిని సిద్ధం చేయండి

మనం కంటితో చదివి నేర్చుకున్న పేర్లు చెవికి వేరేలా తగులుతాయి. తెలుగులో అల్జీమర్స్ అని స్థిరపడిపోయింది. ఇంగ్లిష్ వక్త నోట అది "ఆల్ట్స్‌హైమర్జ్"లా వస్తుంది. డిమెన్షియా "డిమెన్‌ష" అని తేలిపోతుంది. హిప్పోకాంపస్‌లో ఊనిక, అంటే స్ట్రెస్, "క్యాం" మీద పడుతుంది. టావ్‌ను కొందరు "టా" అని కూడా అంటారు. డయగ్నోజ్ చేసే పని, డయగ్నోసిస్ దాని ఫలితం. ఒకదాంట్లో "జ" ధ్వని, రెండోదాంట్లో "స". ఇలాంటివి ఎనిమిదో పదో చాలు. బోర్డు నిండా యాభై పదాలు రాస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అసలు చిక్కు వేరేచోట ఉంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. దాంతో ఇంగ్లిష్ మాట చివర హల్లు వచ్చినప్పుడు మన చెవి దాన్ని తేలిగ్గా వదిలేస్తుంది. స్లో, స్లోస్, స్లోడ్ మూడూ ఒకటే అనిపిస్తాయి. మందు "స్లోడ్ డిక్లైన్" అంటే ఒక పరీక్షలో దిగజారే వేగాన్ని తగ్గించిందని, "స్లోస్ డిక్లైన్" అంటే ఎప్పుడూ తగ్గిస్తుందని. పైగా "స్లోడ్" చివరి "డ", "డిక్లైన్" మొదటి "డ" కలిసిపోయి ఒక్కటే వినిపిస్తుంది. అలాంటప్పుడు చుట్టూ ఉన్న మాటల్ని బట్టి కాలాన్ని పట్టుకోవాలి. "ఇన్ ద ట్రయల్" అని ముందు వచ్చిందంటే జరిగిపోయిన సంగతి.

ఇంకొకటి, వ్యతిరేకార్థం. తెలుగులో కాదు, లేదు, చేయదు అన్నవి వాక్యం చివర నిలబడి మరీ చెబుతాయి. మన చెవి చివరిదాకా ఆగడానికి అలవాటు పడింది. ఇంగ్లిష్‌లో అది క్రియకు ముందే, అదీ ముడుచుకుపోయి వస్తుంది. క్యాన్, క్యాంట్ విషయంలో "ట్" కోసం వెతక్కండి, చాలాసార్లు అది వినపడదు. అచ్చును వినండి. "షి కెన్ రిమెంబర్" అన్నప్పుడు కెన్ తేలికగా, పొట్టిగా పోతుంది. "షి క్యాంట్ రిమెంబర్" అన్నప్పుడు ఆ మాట నిండుగా, ఊనికతో వస్తుంది. బ్రిటన్ వాళ్లైతే "కాంట్" అని దీర్ఘం తీస్తారు కాబట్టి ఇంకా సులువు. జంటలుగా కూర్చుని ఒకరు ఈ రెండు వాక్యాల్లో ఏదో ఒకటి చదవండి, రెండోవాళ్లు వేలు పైకో కిందకో చూపించండి. ఐదు నిమిషాల్లో చెవి దారిలో పడుతుంది.

ఫిఫ్టీన్, ఫిఫ్టీ సంగతి మీకు తెలిసిందే. ఇక్కడ ఎయిటీన్, ఎయిటీ కూడా తరచుగా వస్తాయి. ఊనిక చివర ఉంటే పద్దెనిమిది, మొదట ఉంటే ఎనభై.

4. మూడుసార్లు వినండి, మూడు వేర్వేరు పనుల కోసం

మొదటిసారి పెన్ను పట్టుకోవద్దు. చివరిదాకా విని, పక్కవాళ్లకు ఒకే ఒక్క వాక్యంలో ఇది దేని గురించో చెప్పండి. తెలుగులో చెప్పినా ఫర్వాలేదు.

రెండోసారి కాగితాన్ని మూడు నిలువు గడులుగా చేయండి. మొదటి గడిలో అంకెలు. రెండో గడిలో అనుమానం, పరిమితి చెప్పే మాటలు: మే, మైట్, కుడ్, సమ్, మోస్ట్, లింక్డ్ టు, అసోసియేటెడ్ విత్. మూడో గడిలో నాట్ ఉన్న వాక్యాలు. ఇంకేమీ రాయొద్దు. ఆపకుండా వినిపించాలి. రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లే ఎక్కువమంది ఉంటారు, అది మామూలే. ఈ మాటలన్నీ ఊనిక లేకుండా జారిపోయేవి. అందులో "లింక్డ్ టు" అంటే సంబంధం కనిపించిందని మాత్రమే, కారణమని కాదు. కారణమని చెప్పాలంటే వాళ్లు "కాజెస్" అంటారు. మంచి వక్తలు ఈ తేడా పాటిస్తారు, మనం నోట్సులో దాన్ని చెరిపేస్తాం.

మూడోసారి రాతప్రతి చేతిలో పెట్టుకుని, రెండోసారి తప్పిపోయిన మాటల కింద గీత గీస్తూ వినండి. కష్టమైతే వేగాన్ని 0.75కి తగ్గించుకోండి. 0.5కి మాత్రం వద్దు, మాటలు సాగిపోయి ఊనిక చెడిపోతుంది.

ఇప్పుడు ఒక్క వాక్యాన్ని పట్టుకుని చూద్దాం. లెకానెమాబ్ గురించి ఏ ఆడియోలోనైనా దాదాపు ఇలాంటి వాక్యం ఒకటి వస్తుంది: "ఇన్ పీపుల్ విత్ ఎర్లీ అల్జీమర్స్, ద డ్రగ్ స్లోడ్ డిక్లైన్ బై ట్వెంటీ సెవెన్ పర్సెంట్ ఓవర్ ఎయిటీన్ మంత్స్."

"ఎర్లీ" వినకపోతే ముదిరిన దశలో ఉన్నవాళ్లకూ పనిచేస్తుందని అర్థమవుతుంది. "స్లోడ్" బదులు "స్టాప్డ్" అనుకుంటే జబ్బు ఆగిపోయినట్టే. "డిక్లైన్" జారిపోతే 27 శాతం మంది బాగుపడ్డారని రాసుకుంటారు. ఈ పొరపాటు అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎయిటీన్‌ను ఎయిటీ అనుకుంటే ఏడాదిన్నర కాస్తా ఆరేడేళ్లు అయిపోతుంది.

అన్నీ సరిగ్గా విన్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: 27 శాతం అంటే ఎంత? ఈ అంకె వచ్చిన ట్రయల్‌లో, అంటే మందును మనుషుల మీద పరీక్షించిన అధ్యయనంలో, దాదాపు 1,800 మంది పాల్గొన్నారు. జబ్బు తీవ్రతను 18 పాయింట్ల స్కేలు మీద కొలిచారు. ఎంత ఎక్కువ వస్తే పరిస్థితి అంత దిగజారినట్టు. పద్దెనిమిది నెలల్లో మందు తీసుకున్నవాళ్లు సగటున 1.21 పాయింట్లు దిగజారారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు 1.66 పాయింట్లు దిగజారారు. తేడా 0.45. రెండు గుంపులూ దిగజారాయి, ఒకటి కాస్త నెమ్మదిగా. ఈ తేడా ఇంట్లోవాళ్లకు కంటికి కనిపిస్తుందా అన్నదాని మీద వైద్యుల్లోనే వాదన ఉంది. ఈ ఒక్క వాక్యం మీద పదిహేను నిమిషాలు పెట్టినా నష్టం లేదు. రెండో క్లాసులో చర్చ బాగా నడిచేది దీనివల్లే.

5. 1901 నాటి సంభాషణను జంటలుగా చదవండి

వినడానికి ఆడియోయే అక్కర్లేదు. ఒకరు చదివితే ఇంకొకరు వినొచ్చు. దీనికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పాఠం లేదు.

1901 నవంబర్‌లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు 51 ఏళ్ల ఆగస్టె డేటర్‌తో మాట్లాడి, ప్రశ్నలూ జవాబులూ ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టాడు. ఆమె 1906లో చనిపోయింది. ఆమె మెదడును మైక్రోస్కోప్ కింద పరిశీలించి, ఆ ఏడాది నవంబర్ 3న ట్యూబింగెన్‌లో వైద్యుల సభలో వివరించాడు. 1910లో ఎమిల్ క్రేపెలిన్ అనే మనోవైద్యుడు తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు. ఆగస్టె ఫైలు ఎక్కడుందో తెలియకుండా పోయి, 1995లో మళ్లీ దొరికింది. దాని ఇంగ్లిష్ అనువాదంలోని వాక్యాలు మొదటి తరగతి ఇంగ్లిష్ అంత తేలిక.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంటే "ఆగస్టె" అంటుంది. "లాస్ట్ నేమ్?" అంటే మళ్లీ "ఆగస్టె." "వాట్ ఈజ్ యువర్ హస్బెండ్స్ నేమ్?" అంటే కాసేపు తడుముకుని "ఐ బిలీవ్, ఆగస్టె." "యువర్ హస్బెండ్?" అని రెట్టిస్తే "ఆహ్, మై హస్బెండ్" అని, ప్రశ్నే అర్థం కానట్టు చూస్తుంది. పేరు రాయమంటే మొదట శ్రీమతి అన్న మాట రాసి, తక్కినది మర్చిపోతుంది. మిగతా మాటల్ని వైద్యుడు మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఒకరు వైద్యుడి ప్రశ్నలు, ఒకరు ఆమె జవాబులు చదవండి. నటించొద్దు. గొంతు వణికించడం, వెర్రిచూపులు చూడటం లాంటివి ఎవరైనా మొదలుపెడితే వెంటనే ఆపండి, మామూలు గొంతుతో చదివితేనే అసలు సంగతి చెవికి తగులుతుంది. వినేవాళ్లు ఒక్కటే గమనించాలి: జవాబు ఎక్కడ ఇరుక్కుపోయింది? ఒకసారి నోటికొచ్చిన పేరు తర్వాతి ప్రశ్నలన్నిటికీ జవాబై కూర్చుంది. జ్ఞాపకంతోపాటు భాష కూడా ఎలా దెబ్బతింటుందో నాలుగు వాక్యాల్లో తెలిసిపోతుంది. ఆమె వయసు కూడా గమనించమనండి. ఇది ముసలితనంలో అందరికీ వచ్చే మతిమరుపే అనే మాట అక్కడికక్కడే వీగిపోతుంది.

6. చర్చకు ముందురోజే చెప్పండి

క్లాసులో ఎవరో ఒకరి ఇంట్లో ఈ జబ్బుతో మనిషి ఉండే అవకాశం ఎక్కువ. వాళ్లకు ఇది పాఠం కాదు, పొద్దున వదిలి వచ్చిన ఇల్లు. రేపు చర్చించేది ఇదీ అని ముందురోజే చెప్పి, మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు నోట్స్ రాసే పనో, టైం చూసే పనో తీసుకోవచ్చని చెప్పండి. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అనే ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టొద్దు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

మాటల విషయంలో ఒక నియమం చాలు. ఇంగ్లిష్‌లో "పీపుల్ విత్ డిమెన్షియా", "పీపుల్ లివింగ్ విత్ డిమెన్షియా" అనండి. విక్టిమ్, సెనైల్ లాంటివి పాత ఆడియోల్లో వినిపిస్తే వినండి, మీరు మాత్రం వాడకండి.

నలుగురేసి కూర్చోండి. అంతకంటే ఎక్కువైతే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు తల ఊపుతారు. ఎవరు ఏ మాట చెప్పినా "వేర్ డిడ్ యు హియర్ దట్?" అని అడిగే హక్కు ఎదుటివాళ్లకు ఉండాలి. ఆడియోలో విన్నదైతే ఏ నిమిషం దగ్గరో చూపించాలి. సొంత అభిప్రాయమైతే "ఇన్ మై వ్యూ" అని మొదలుపెట్టాలి. ఇంట్లో చూసిందైతే "ఇన్ మై ఎక్స్‌పీరియన్స్" అనాలి. ఈ మూడూ కలిసిపోతేనే గొడవ.

వాక్యాలు వెతుక్కుంటూ కూర్చోకుండా కొన్ని అందుబాటులో పెట్టుకోండి. ఒప్పుకోనప్పుడు "ఐ సీ యువర్ పాయింట్, బట్ ద స్పీకర్ సెడ్ మే, నాట్ విల్." సరిగ్గా వినపడనప్పుడు "డిడ్ యు సే క్యాన్ ఆర్ క్యాంట్?" మధ్యలో అందుకోవాలంటే "క్యాన్ ఐ యాడ్ సమ్‌థింగ్ హియర్?" కచ్చితంగా తెలియనప్పుడు "యాజ్ ఫార్ యాజ్ ఐ అండర్‌స్టుడ్." ఈ చివరిదాన్ని బాగా అలవాటు చేసుకోండి, ఆరోగ్య విషయాలు మాట్లాడేటప్పుడు చాలా అవసరపడుతుంది.

ఇక ప్రశ్నలు. "అల్జీమర్స్ మంచిదా చెడ్డదా" లాంటి వాటికి చర్చ ఉండదు. రెండు వైపులా న్యాయం ఉన్నవి కావాలి:

- లక్షణాలు ఉన్నవాళ్లలో అల్జీమర్స్‌ను పసిగట్టడానికి తోడ్పడే రక్తపరీక్షకు 2025 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. నయం చేసే మందు లేనప్పుడు ముందే తెలుసుకోవాలని మీరు కోరుకుంటారా?
- చనిపోయిన భర్త ఇంకా ఇంటికి రాలేదేమని ఒకామె రోజూ అడుగుతోంది. ప్రతిసారీ నిజం చెప్పి కొత్తగా ఏడిపించాలా, మాట మళ్లించాలా?
- తొలిదశలో ఉన్న మనిషి బండి నడపొచ్చా? ఆపమని చెప్పాల్సింది ఎవరు: వైద్యుడా, ఇంట్లోవాళ్లా, ప్రభుత్వమా?
- దారి తప్పిపోతారని జీపీఎస్ పరికరం తగిలించడం రక్షణా, నిఘానా?

రెండో ప్రశ్నకు ఎక్కువ సమయం ఉంచండి. మొదట అందరూ నిజమే చెప్పాలంటారు. కాసేపటికి ఎవరో ఒకరు "ఆమె దుఃఖం ప్రతిసారీ కొత్తదే కదా" అంటారు. అక్కడి నుంచి వుడ్, కుడ్, షుడ్ వాడకం చెప్పకుండానే బయటికొస్తుంది. సంరక్షణ నిపుణుల్లో చాలామంది వాదించి సరిదిద్దడం కంటే ఆ భావాన్ని పట్టించుకుని, ఆయన గురించి మాట్లాడించడం మేలంటారు. కానీ ఆ సంగతి మీరు చర్చ చివర్లో చెప్పండి, ముందే చెబితే చర్చ ఆగిపోతుంది.

7. చర్చలో తప్పక వచ్చే నాలుగు మాటలు

"వాళ్ల నాన్నకు ఉంది, వీళ్లకూ వస్తుంది." తప్పనిసరిగా వారసత్వంగా వచ్చే రకం చాలా అరుదు. ఏపీపీ, పీఎస్ఈఎన్1, పీఎస్ఈఎన్2 జన్యువుల్లో మార్పుల వల్ల వస్తుంది, తరచుగా 65 ఏళ్లలోపే బయటపడుతుంది. ఏపీఓఈ4 అనే రకం జన్యువు ఉంటే ముప్పు పెరుగుతుంది, అయినా అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకు రాదనీ లేదు. ఇక్కడ వాడాల్సిన ఇంగ్లిష్ మాట "రిస్క్", "కాజ్" కాదు.

"అల్యూమినియం పాత్రల వల్ల వస్తుంది." ఇది చాలా పాత అనుమానం. రోజువారీ వాడకంలోని అల్యూమినియం వల్ల అల్జీమర్స్ వస్తుందని పరిశోధనలు నిరూపించలేదు.

"45 శాతం మంది ఆపుకోగలిగేవాళ్లే, ఆపుకోలేదు." ఇది సరిగ్గా విని తప్పుగా అర్థం చేసుకున్న మాట. వైద్యపత్రిక లాన్సెట్ నియమించిన కమిషన్ 2024లో 14 ముప్పు కారణాలను జాబితా వేసింది. వినికిడి లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, ఒంటరితనం, చూపు లోపం, గాలి కాలుష్యం, తక్కువ చదువు లాంటివి అందులో ఉన్నాయి. వీటన్నిటినీ సమాజం మొత్తం మీద తొలగించగలిగితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని నివారించడమో, వెనక్కి నెట్టడమో సాధ్యం కావొచ్చని వాళ్లు లెక్కగట్టారు. ఒక మనిషిని వేలెత్తి చూపించే లెక్క కాదది. గాలి కాలుష్యాన్నీ, చిన్నప్పుడు దొరకని చదువునూ ఎవరు ఒక్కరే ఆపుకోగలరు?

నాలుగోది మనకు బాగా ఇష్టమైనది: "ఇంగ్లిష్ నేర్చుకుంటే అల్జీమర్స్ రాదట." దీని వెనక నిజమైన పరిశోధనే ఉంది. 2007లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ బియాలిస్టాక్ బృందం టొరంటోలో డిమెన్షియా ఉన్న 184 మంది రికార్డులు చూసి, జీవితమంతా రెండు భాషలు మాట్లాడినవాళ్లలో లక్షణాలు సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయని చెప్పింది. తర్వాతి అధ్యయనాలు అన్నీ దీనితో ఏకీభవించలేదు. పైగా వాళ్లు చెప్పింది ఆలస్యం గురించి, రాకపోవడం గురించి కాదు. క్లాసులో దీన్ని పరీక్షగా పెట్టండి: ఈ పరిశోధనను మూడు ఇంగ్లిష్ వాక్యాల్లో, ఒక్క మాట పెంచకుండా చెప్పగలరా? చాలామంది రెండో వాక్యం దగ్గరే పెంచేస్తారు.

ఇంకొక జాగ్రత్త. మూడు మాటలు గుర్తుపెట్టుకోవడం, గడియారం బొమ్మ వేయడం ఉండే మినీ-కాగ్ అనే చిన్న పరీక్ష గురించి ఆడియోల్లో వస్తుంది. దాన్ని సరదాకు క్లాసులో ఒకరి మీద ఒకరు ప్రయోగించొద్దు. అందులోనూ ఇంగ్లిష్‌లో అసలే వద్దు, సొంత భాష కాని భాషలో పెడితే మార్కులు తగ్గేది జ్ఞాపకశక్తి వల్లో, భాష వల్లో తేలదు. తాళాలు ఎక్కడ పెట్టానో మర్చిపోయి కాసేపటికి గుర్తొస్తే అది మామూలే. తెలిసిన దారిలో తప్పిపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, ఎప్పుడూ చేసే పని మధ్యలో ఆగిపోవడం కనిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ సమస్య, బి12 లోపం, డిప్రెషన్, కొన్ని మందుల ప్రభావం కూడా మతిమరుపులా కనిపిస్తాయి, వాటికి చికిత్స ఉంది.

8. రెండు నిమిషాలు రికార్డు చేసి, వారం తర్వాత వినండి

చర్చ అయ్యాక ఇంటికెళ్లి ఫోన్‌లో రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడి రికార్డు చేసుకోండి. విన్న ఆడియోలోని ముఖ్య విషయం ఒకటి, క్లాసులో మీ అభిప్రాయాన్ని కదిలించిన మాట ఒకటి చాలు. రాసుకుని చదవొద్దు, నాలుగు సూచికలు చూస్తూ మాట్లాడండి.

వారం తర్వాత ఆ రికార్డింగ్‌ను రాతప్రతి పక్కన పెట్టుకుని వినండి. ఉచ్చారణ తప్పులు తర్వాత చూసుకోవచ్చు. ముందు వక్త "మే" అన్నచోట మీరు "విల్" అన్నారా, "సమ్ పీపుల్" అన్నచోట "పీపుల్" అని వదిలేశారా, "స్లో" కాస్తా "స్టాప్" అయిందా చూడండి. దొరికినవి సరిచేసి ఇంకోసారి రికార్డు చేయండి. ఆ తర్వాత ఇదే విషయం మీద వేరే యాసలో ఇంకో ఆడియో తీసుకోండి. మొదటిది అమెరికా వాళ్లదైతే ఇది బ్రిటన్‌ది. నిపుణుడు మాట్లాడినది అయిపోయింది కాబట్టి ఈసారి జబ్బుతో ఉన్న మనిషే స్వయంగా మాట్లాడిన ఇంటర్వ్యూ అయితే మరీ మంచిది. అల్జీమర్స్ సొసైటీ దగ్గర అలాంటివి దొరుకుతాయి. మాటల మధ్య ఆగడాలు, వెతుక్కోవడాలు ఉంటాయి కాబట్టి వేగం తగ్గించాల్సిన పని ఉండదు, మధ్యలో పాజ్ నొక్కకుండా వినండి.